కండ్లు ఆఖర్ల

మానుకోటల పేంటర్ మాన్‌సింగ్ తెల్వదన్నోళ్లు ఇద్దరే ఉంటరు. ఒకరు నిన్న మొన్న రైలు దిగినోళ్లు, ఇంకొకరు తల పైకెత్తకుంట నడిచేటోళ్లు. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాస్తరు గని నోటితోని అందరు మానుకోటనే అంటరు. ఆ బోర్డుల్ల సగం మాన్‌సింగ్ రాసినయే. మరిపెడ మార్కెట్ గేటు మీద అక్షరాలు ఆయనయే. దేవరుప్పుల బడి గోడ మీద తొమ్మిది గ్రహాలు తిరుగుతుంటయి, అవి గూడ ఆయన తిప్పినయే. భూపాలపల్లిల బొగ్గుబాయి క్వార్టర్లకు నంబర్లెయ్య పోయి మూడు నెల్లు ఆడనే ఉండి, ఒక్క నంబరు గూడ తప్పు పోకుంట రాసొచ్చిండు. ఈ ముచ్చట ఆయనే చెప్తడు. అడిగినా చెప్తడు, అడగకున్నా చెప్తడు.

మనిషికి జర గప్పాలెక్కువ. అయితేంది? పనొచ్చినోడు చెప్పుకుంటే తప్పేముంది? పనిరానోళ్లే ఈ రోజుల్ల పెద్ద పెద్ద ఫ్లెక్సీలేసుకుంటున్నరు.

ఆయన పుట్టింది నెల్లికుదురు దిక్కు ఒక లంబాడా తండాల. పదహారేండ్లకు మానుకోటకొచ్చి ఒక ఉస్తాద్ దగ్గర కుంచె పట్టిండు. ఉస్తాద్ మొదటి ఏడాది డబ్బాలు కడిగిచ్చిండు, రెండో ఏడాది సుద్ద పొడి రాసిన దారంతోని గోడ మీద గీతలు కొట్టిచ్చిండు. మూడో ఏడాదికి ఒక్క మాట చెప్పిండు: "కండ్లు ఆఖర్ల పెట్టాలె బేటా. అన్నీ గీసినంక, ఆ మనిషిని తెచ్చి ఎదురుంగ నిలబెట్టి, సూసి పెట్టాలె. నిలబడేటోళ్లు లేకుంటే బొమ్మ మీద సున్నం కొట్టు. కండ్లు లేని బొమ్మను గోడ మీద ఉంచొద్దు."

మాన్‌సింగ్ ఈ మాటను దేవుని మాట లెక్క పట్టుకున్నడు. కాకపోతే ఒక సందు పెట్టుకున్నడు. రైతు, సిపాయి, డ్యాన్స్ చేసే లంబాడామె లాంటి బొమ్మలు ఫలానా మనిషియి కావు గద. వాటికి ఎవర్ని నిలబెడుతవు? వాటి కండ్లు చెయ్యికే తెలుస్తయి. ముప్పై అయిదేండ్లల అట్ల వందల బొమ్మలకు కండ్లు పెట్టిండు. ఈ సందులనే ఒకనాడు ఆయన కాలు ఇరుక్కున్నది.

ఆయన ఉండేది ఊరి బయట మిల్లుకాలనీల. ముందటంత బియ్యం మిల్లులు, వెనుక రైలు పట్టాలు. పిల్లల సదువులకని తండాలకెళ్లి వచ్చినోళ్లు ఆడ ఒక వాడ, మిల్లులల్ల పనికొచ్చిన బీహారోళ్లు ఒక వాడ, ఇటుకబట్టీల ఒడిశోళ్లు ఒక వాడ. నడుమ రాజస్థాన్ సేఠ్ హార్డ్‌వేర్ దుకాణం, దాని పక్కన గుంటూరోళ్ల టిఫిన్ సెంటర్. బడి గోడకు ఎదురుంగ మాన్‌సింగ్ పెండ్లాం కమ్లీ జొన్నరొట్టెల బండి. పొద్దున షిఫ్టు దిగినోళ్లకు, సాయంత్రం షిఫ్టు ఎక్కేటోళ్లకు రొట్టె ఆమెదే. కమ్లీ ఇంటిభాష మాట్లాడితే బీహారోళ్లకు సగం అర్థమైతది, వాళ్లు మాట్లాడితే ఈమెకు సగం అర్థమైతది. మిగిలిన సగం రొట్టెల కారం సూసుకుంటది.

ఆ వార్డు కౌన్సిలర్ సరోజన. సీటు ఆడోళ్లకు వచ్చింది కాబట్టి పేరు ఆమెది, పెత్తనం ఆమె పెనిమిటి వెంకట్రాంది. ఇరవై ఎకరాల ఆసామి, నోరు మంచిదే గని ఎదుటోని మాట వినేటందుకు చెవులు తక్కువ. జనవరి ఇరవై ఆరు జెండా పండుగకు బడి గోడ మీద "మన కాలనీ మనుషులు" అని బొమ్మలెయ్యాలని ఆయనకు పుట్టింది. ఫోన్‌ల ఒక బొమ్మ తీసి మాన్‌సింగ్‌కు సూపెట్టిండు.

"గిట్ల ఎనిమిది బొమ్మలు గావాలె. అన్ని రకాలోళ్లు ఉండాలె. నీ చేత గాకుంటే చెప్పు, ఫ్లెక్సీ కొట్టిస్త."

ఫ్లెక్సీ అనే మాట మాన్‌సింగ్ ముందట అనద్దు. ఎండకు ఏడాదిల పెలిసిపోయే ఆ ప్లాస్టిక్ గుడ్డ, మానుకోటల పదకొండు మంది పేంటర్లను ఆటో డ్రైవర్లను చేసింది. కుంచె పట్టుకొని ఇంక నిలబడ్డది ఈయన ఒక్కడే. "వెంకట్రాం సారూ, గోడ నాకొదిలిపెట్టుండ్రి" అన్నడు.

ఎనిమిది దినాల్ల ఎనిమిది బొమ్మలు లేపిండు. అద్దాల లంగ ఊపుకుంట డ్యాన్స్ చేసే లంబాడామె. నెత్తి మీద బస్తాతోని వంగిన బీహారాయన. గంపంత తలపాగ సుట్టిన మార్వాడీ సేఠ్. ఇటుకలు మోసే ఒడిశామె. ఇంక రైతు, సిపాయి, అందరు. రంగులు మెరిసిపోతున్నయి, ఒక్క కండ్లే పెట్టలే. గురువారం సాయంత్రం కమ్లీ బండి కాడ ఛాతి ఇరుసుకొని చాటిచ్చిండు: "రేపు పొద్దుగాల అందరు వచ్చి నిలబడుండ్రి. మీ కండ్లే గోడ మీద పెడుత. నా తర్వాత ఇగ ఎవ్వలు పెట్టరు, సూసుకోండ్రి!"

నోరా, వీపుకు తేకే అని ఊరికే అన్నరా?

శుక్రవారం పొద్దుగాల నిజంగనే వచ్చిండ్రు. మొదలు ప్రదీప్ వచ్చిండు. మిల్లుల బాయిలర్ నడిపే బీహారాయన, వచ్చి పన్నెండేండ్లాయె, తెలుగు మనలెక్కనే మాట్లాడుతడు. పక్కన భార్య పూజ. ప్రదీప్ బొమ్మ ముందట నిలబడి శానా సేపు సూసిండు.

"అన్నా, గీయన ఎవలు?"

"నువ్వే. మీ బీహారోళ్లు."

"నేను ఈ ఊళ్లె ఒక్కనాడు బస్తా ఎత్తలే. బాయిలర్ నడుపుత. మీటర్ జర అటిటైతే మిల్లు మొత్తం లేస్తది. నువ్వే ఎన్నిసార్లు బాయిలర్ కాడికొచ్చి చలి కాగినవు అన్నా?"

"అరే, అది తెలుసు. మనుషులకు అర్థం గావాలె గద, బస్తా ఉంటే బీహారని తెలుస్తది."

ప్రదీప్ కోపానికి రాలే, మెల్లగనే అన్నడు. "అట్లయితే ఆ బస్తానే నిలబెట్టు. నా కండ్లు ఆ బొమ్మకు ఇయ్య."

వెనుక హార్డ్‌వేర్ శ్యాం సేఠ్ వచ్చిండు. తలపాగ బొమ్మ దిక్కు సూసి, తన గుండు తడుముకున్నడు. నెత్తి మీద ఒక్క ఎంటిక లేదు. "మాన్‌సింగ్, రోజు నా దుకాణంల రంగులు కొంటవు. నా బట్టతల నీకు కనపడలేదా?" జనం నవ్విండ్రు. మాన్‌సింగ్ గూడ నవ్వబోయిండు గని నవ్వు రాలే. ఇటుకబట్టీకెళ్లి వచ్చిన ఒడిశామె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఎనుకకు మళ్లింది. ఒక్కరంటే ఒక్కరు నిలబడలే.

ఆయనకు ముక్కు మీదనే కోపం. రోడ్డు దాటి బండి కాడికి పోయిండు. "ఏమే, నువ్వన్న రా. లంబాడామె బొమ్మకు నిలబడు. నువ్వు నిలబడితే వాళ్లే వస్తరు."

కమ్లీ రొట్టె కొడుతనే ఉన్నది. "నేనెప్పుడన్న డ్యాన్స్ చేసిన్నా?"

"బొమ్మనే, బొమ్మ!"

"ఇరవై రెండేండ్ల సంది ఈడ రొట్టెలు కొడుతున్న. నీ గోడ మీద నేను ఒక్కనాడు రొట్టె కొట్టలే. ఆ ఎగిరేది ఎవతో, దాన్నే పిలుసుకో పో."

మాన్‌సింగ్‌కు తల కొట్టేసినట్టయింది. గోడ ముందట బోర్లేసిన డబ్బా మీద కూసున్నడు. పదిహేడేండ్లప్పుడు ఉస్తాద్‌తోని ఒక సినిమా బ్యానర్ కట్టిన సంగతి యాదికొచ్చింది. అండ్ల గూడ గిసొంటి లంబాడామెనే ఎగురుతుండె. టాకీసుల ఆ సినిమా సూస్తుంటే, తెర మీద ఆమె నోరు తెరిస్తే చాలు, ఆ మాటకు, ఆ యాసకు జనం ఈలలేసి నవ్విండ్రు. చీకట్ల కూసున్న మాన్‌సింగ్‌కు చెవులు మండినయి. మా అమ్మ గిట్లుంటదా, మా అక్క గిట్లుంటదా, నా చేతులకు దమ్మొచ్చినంక మావోళ్లను ఉన్నదున్నట్టు గీస్త అని ఆ రోజు ఒట్టు పెట్టుకున్నడు. దమ్మొచ్చింది. దమ్మొచ్చిన చెయ్యితోని ముప్పై అయిదేండ్లు అదే లంబాడామెను గీసిండు, ఎందుకంటే అడిగినోళ్లందరు ఆమెనే అడిగిండ్రు, చెయ్యి గూడ ఆమెకే అలవాటు పడ్డది. ఇప్పుడు ప్రదీప్‌ను గూడ అదే చేసిండు. సిగ్గుతోని పానం సగం సచ్చింది. ఇందుల దాసుకునేదేముంది, తప్పు తప్పే.

తర్వాత లేచి శ్యాం సేఠ్ దుకాణంల సున్నం డబ్బా తెచ్చి, ఎనిమిది బొమ్మల మీద ఈ మూలకెళ్లి ఆ మూల దాంక కొట్టిండు. లంబాడామె మీద రెండు పూతలు కొట్టిండు.

వెంకట్రాం కారు సప్పున ఆగింది. "ఏందయా గిది! దిమాక్ ఖరాబైందా నీకు? సోమవారం ఎనిమిదింటికి జెండా! పెద్ద పెద్దోళ్లు వస్తున్నరు!"

"కాలనీ మనుషులన్నరు గద సారూ. అండ్ల కాలనీ మనుషులు లేరు."

"ఉన్నరో లేరో ఎవలు సూస్తరయా! నాకు గోడ నిండాలె. ఇగో, ఇప్పుడే ఫ్లెక్సీకి ఆర్డర్ ఇస్తున్న. సోమవారం ఏడింటికి నీ గోడ కండ్లతోని సహా తయారుంటే సరే. లేకుంటే దాని మీద ఫ్లెక్సీ కొట్టిస్త. ఇగ ఈ వార్డుల నీ కుంచెకు పని లేదు."

"తయారుంటది" అన్నడు మాన్‌సింగ్.

"నిలబడనే నిలబడరు, కండ్లెక్కడియి పెడుతవు?"

"వాళ్లయే పెడుత."

చేతుల రెండు రోజులు. ఇంకొకడైతే పరేషాన్ అయి తల పట్టుకొని కూసుంటుండె. మాన్‌సింగ్‌కు మాత్రం మూడో ఏడాది ఉస్తాద్ దగ్గర కుంచె పట్టినప్పటి హుషారొచ్చింది. శనివారం పొద్దున్నే చెవిల పెన్సిల్, చంకల నోటుబుక్కు పెట్టుకొని కాలనీ మీద పడ్డడు. ఏది అడగలే, ఉట్టిగ సూసిండు. బాయిలర్ కాడ ప్రదీప్ మీటర్ సూసేటప్పుడు మెడ కుడిదిక్కు వంచుతడు, బుజం మీద ఎర్ర తువ్వాల, ఒంటి మీద ఊక దుమ్ము. బడి వెనుక ఖాళీ జాగల పూజ స్కూటీ నేర్సుకుంటున్నది, బండి మాటిమాటికి ఆగిపోయినా ఆమె పట్టు ఇడుస్తలేదు. శ్యాం సేఠ్ కంచె మేకులు తూకం వేసేటప్పుడు నాలుక బయటకు పెడుతడు. ఇటుకలు మోస్తదనుకున్న ఒడిశామె బట్టీల ఇటుకలు మోస్తలేదు, ముద్ద పెట్టి అచ్చు కొడుతున్నది, ఆమె చేతులు ఉస్తాద్ చేతులంత ఉరుకుతున్నయి. ఇన్నేండ్ల సంది వీళ్ల నడుమ తిరిగిండు. ఇవి ఏవీ సూడలే!

సాయంత్రానికి మూడు బొమ్మలు లేచినయి. ఆదివారం తెల్లారకముందే గోడ కాడికొచ్చిండు. బడి పక్కన నీళ్ల ట్యాంకు. దాని కాడ సెద్దరు కప్పుకొని ఎవరో ఆడమనిషి వాల్వ్ తిప్పేటోని మీద అరుస్తున్నది. "ఒడిశోళ్ల వాడకు మొన్నటి సంది నీళ్లు పోతలేవు. ఇయ్యాల పోయినంకనే నేను ఇంటికి పోత!" దగ్గరికి పోయి సూస్తే సరోజన. జెండా పండుగకు పట్టుచీరె కట్టుకొని పెనిమిటి పక్కన నిలబడే సరోజనే.

"ఏం సరోజనక్కా, గింత పొద్దుగాల?"

"రోజు వస్త మాన్‌సింగన్నా. నువ్వు ఎనిమిదింటికి లేస్తవు గద, ఎట్ల సూస్తవు?" అని నవ్వి, గోడ దిక్కు సూసింది. "ఆ సివరన ఉన్న జాగ మా ఆయనదా?"

"మీది" అన్నడు. "ఈ సెద్దరుతోనే గీస్త."

ఆమె సెద్దరు సక్కగ కప్పుకున్నది. వాల్వ్ కాడికి పోయింది.

ఆదివారం పొద్దుమూకే యాళ్లకు ఎనిమిది బొమ్మలు తయారైనయి. ఏడు బొమ్మలకు ఏడు మొఖాలు, ఎవ్వలకు కండ్లు లేవు. వచ్చేపోయేటోళ్లు ఆగి, ఎవలు ఎవలో పోల్సుకొని వాడలల్ల చెప్పుకుంటున్నరు. ఎనిమిదో బొమ్మ కమ్లీది. చీరె కుచ్చిళ్లు నడుముకు చెక్కుకొని, రెండు అరచేతుల నడుమ జొన్నరొట్టె తిప్పుతున్నది. చేతులు బాగ కుదిరినయి. మొఖం కాడికొస్తే మాత్రం ఆయన కుంచె ఆగింది. గదుమ గీసిండు, చెంపలు గీసిండు, ఇగ నుదురు గీసేటందుకు యాది చేసుకుంటే ఏమీ దొరుకలే. పెండ్లయి ముప్పై ఏండ్లు. రేపు ఎదురుంగ నిలబెట్టి సూసి గీద్దామని వదిలిపెట్టిండు.

సోమవారం ఆరు దాటింది. మంచుల గోడ ముందట మాన్‌సింగ్ ఒక్కడే. సన్న కుంచె, నల్ల రంగు, తెల్ల రంగు ముందట పెట్టుకొని నిలబడ్డడు. ఆరున్నరకు ట్రాలీ ఆటో వచ్చింది. అండ్ల సుట్టచుట్టిన ఫ్లెక్సీ, సుత్తెలు పట్టుకొని ఇద్దరు. వెనుక కారుల వెంకట్రాం. ఫ్లెక్సీ ఇప్పితే సగం జాగ ఆయన నవ్వు మొఖమే, మిగిలిన సగంల అద్దాల లంగ ఊపుకుంట అదే లంబాడామె. సున్నం కింద పూడ్చిపెట్టినా మల్ల లేచొచ్చింది!

"టైం సూసుకో మాన్‌సింగ్. ఏడు గొట్టంగనే మేకులు."

అంతల రోడ్డు మీద హారన్ మోగింది. పూజ స్కూటీ మీద వచ్చి, గోడకు గుద్దబోయి ఆపింది. వెనుక సీటు మీద రాత్రి షిఫ్టు దిగిన ప్రదీప్, మొఖమంత ఊక దుమ్ము. దిగి గోడ దిక్కు సూసిండు. మెడ కుడిదిక్కు వంచి మీటర్ సూస్తున్న తనను తాను సూసుకున్నడు. పోయి ఎదురుంగ నిలబడ్డడు, మెడ అట్లనే వంచి.

మాన్‌సింగ్ ప్రదీప్ దిక్కు సూసిండు, గోడ దిక్కు తిరిగిండు. రెండు కండ్లు పెట్టిండు. పూజ తన బొమ్మను సూసి "యాక్సిలేటర్ ఎడమ చెయ్యికి గీసినవు" అన్నది. ఆయన నాలుక కరుసుకొని సరిచేసిండు, తర్వాత ఆమె కండ్లు పెట్టిండు. శ్యాం సేఠ్ గుండు మీద మంకీ క్యాప్ పెట్టుకొని వచ్చి, బొమ్మను సూసి క్యాప్ తీసి జేబుల పెట్టుకొని నిలబడ్డడు. ఒడిశామె వచ్చింది, టిఫిన్ సెంటరాయన వచ్చిండు, తండా వాడల ముసలవ్వ ఒకామె వచ్చింది. ఒకరెనుక ఒకరికి కండ్లు పడుతనే ఉన్నయి.

"ఏడైంది" అన్నడు వెంకట్రాం. "ఇంకా రెండు బొమ్మలకు లేవు. కొట్టుండ్రి."

సుత్తెలోళ్లు ఫ్లెక్సీ లేపిండ్రు. గప్పుడే ట్యాంకు దిక్కుకెళ్లి సరోజన వచ్చింది, సెద్దరు కప్పుకొని, కాళ్లకు బురద. ఎవ్వలతోని మాట్లాడకుంట గోడ సివరకు పోయి తన బొమ్మ ముందట నిలబడ్డది. అండ్ల గూడ కాళ్లకు బురద ఉన్నది. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"ఏందే నువ్వు? పో, పోయి చీరె మార్సుకో" అన్నడు వెంకట్రాం.

"ఉండుండ్రి. కండ్లు పెట్టిచ్చుకుంటున్న."

"అరే, టైం అయింది, ఫ్లెక్సీ..."

"కౌన్సిలర్‌ను నేను గద?" సరోజన ఆయన దిక్కు తిరగలేదు, కదిలితే కన్ను చెడుతదని. "ఆ ఫ్లెక్సీ మడవుండ్రి. మన ఇంట్ల ఏసుకుందాం, మీ మొఖం నేను సూసుకుంట."

కాలనీ కాలనీ నవ్వింది. వెంకట్రాం సుత్తెలోళ్ల మీద అరిసి ఫ్లెక్సీ మడవబెట్టిచ్చిండు.

ఇగ ఒక్క బొమ్మ మిగిలింది. కమ్లీ రోడ్డుకు అవుతల పొయ్యి కాడనే ఉన్నది.

"రాయే!" అని పిలిసిండు మాన్‌సింగ్.

"నేనెందుకు? సూడకుంటనే గీస్తవు గద. గీయి."

నలుగురి ముందట ఎన్నడు తగ్గని మనిషి. కుంచె చేతుల పట్టుకొని రోడ్డు దాటి బండి కాడికి పోయిండు. "రాదే నాకు" అన్నడు. "నీ మొఖం నాకు యాదికొస్తలేదు. వచ్చి నిలబడు."

కమ్లీ పెనం దించింది. పిండి చేతులతోనే వచ్చి నిలబడ్డది. మాన్‌సింగ్ సూసిండు. ఎండ అప్పుడే మంచును తీస్తున్నది. ఎడమ కనుబొమ్మ మీద బొటనవేలంత మచ్చ, నున్నగ, ఆడ ఎంటికలు మొలువలే. పాత కాలిన మచ్చ.

"ఇది ఎప్పటిది?"

"తొమ్మిదేండ్లాయె. పెనం జారి మీద పడ్డది. నువ్వు భూపాలపల్లిల నంబర్లు రాస్తున్నవు."

"నాకు చెప్పలేదు."

"వచ్చినంక నా మొఖం సూస్తవు గద అనుకున్న."

మూడు నెల్లు, ఒక్క నంబరు తప్పు పోలే. గోడ దిక్కు తిరిగిండు. మొదలు మచ్చ గీసిండు, తర్వాత కనుబొమ్మ. కండ్ల కాడికొచ్చేసరికి ముంజేతితోని తన కండ్లు తుడుసుకున్నడు. మల్ల ఆమె దిక్కు తిరిగిండు.

"ఏడ్వకు" అన్నది కమ్లీ. "కన్ను వంకర పోతది. సక్కగ సూసి పెట్టు."